కలవలేదన్న కిడ్నీ

ప్రేమలత తన కిడ్నీని పెద్దతమ్ముడు ప్రదీప్‌కిచ్చి మూడు నెలలైంది. హైదరాబాదులో చెకప్‌కు పోతే నర్సు ఆమె కడుపు చూసి మురిసిపోయింది.

"పెద్ద కోత లేకుండ కెమెరాతోటి తీసినం. మూడు చిన్న రంధ్రాలు, కింద ఒక గీత. ఎంత మంచిగ మానినయో చూడు!"

అంతటితో ఊరుకుంటే ఏ గొడవా ఉండకపోను. ఆవిడ నోరు ఊరుకునే రకం కాదు.

"మీ చిన్నతమ్ముడు క్రాంతి మంచిగున్నడా? ఆయన కిడ్నీ గూడ కలిసె గదా. ఆయన వెనకకు పోయినా నువ్వొచ్చినవు, గొప్పదానివమ్మా."

చీర సర్దుకుంటున్న ప్రేమలత చెయ్యి ఆపేసింది. క్రాంతిది కలవలేదనే కదా అమ్మ ఏడ్చుకుంటూ తన అత్తగారి ఊరు మానవపాడు దాకా వచ్చింది! ఆ ఏడుపు చూసే కదా తాను సీడు పత్తి చేలల్లో పూలకు పుప్పొడి అంటించే క్రాసింగ్ కూలి వదులుకుని, ఇద్దరు పిల్లల్ని అత్తకప్పగించి ఆపరేషన్ బల్ల ఎక్కింది!

బస్సు దిగి ఇంటికి పోలేదు. నేరుగా వడ్డేపల్లిలో తల్లిగారింటికి పోయింది. తల్లి జమ్ములమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది.

"అమ్మా, క్రాంతిది కలవలేదంటివి గద?"

చేట ఆగింది. బుకాయించడానికైనా ఆ తల్లి ప్రయత్నించలేదు.

"వానికింక పెండ్లి గాలే బిడ్డా. ఒక్క కిడ్నీ ఉన్నోనికి పిల్లనెవరిస్తరు? పిల్లలు గూడ పుట్టరంట."

"డాక్టరన్నడా?"

"ఊర్ల అందరంటరు. నీకైతే పెండ్లాయె, పిల్లలైరి. పెద్దగ కోసుడు గూడ లేదంటిరి. చీర కడితే కనబడదు."

ప్రేమలతకు ఒళ్లు మండిపోయింది. కొడుకు కడుపు మీద మచ్చ పడకూడదు, కూతురికైతే చీర ఉంది! ఎంత చిన్న రంధ్రం పెడితేనేం, తీసింది కిడ్నీనే కదా.

"అడిగితే ఇయ్యకపోదునా అమ్మా? వాడు పెండ్లి కావల్సినోడు, నువ్వియ్యి అంటే ఇస్తుంటి గద! నాతోటి అబద్ధమెందుకాడినవు?"

"కాదంటవేమోనని భయమైంది," అంది జమ్ములమ్మ తల వంచుకుని.

మాటలు విని ప్రదీప్ బయటికొచ్చాడు. రెండేళ్ల జబ్బు తర్వాత వాడి మొహంలో కళ వచ్చింది. వీడికి మాత్రం తెలిసి ఉండదనుకుంది ప్రేమలత. వీడి కోసమైనా ఈ కోపం దిగమింగుకోవచ్చు.

"తమ్మీ, క్రాంతి సంగతి నీకు తెల్వదు గద?"

ప్రదీప్ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"వాడు ఇస్తననే అన్నడక్కా. నేనే వద్దన్న. అక్కనడుగు, అక్క కాదనదని అమ్మను పంపిన."

ఇన్నాళ్లూ ప్రేమలతకు ఏదీ పోగొట్టుకున్నట్టు లేదు, కిడ్నీ తమ్ముడి దగ్గరే ఉంది కదా అనుకునేది. ఆ పూట మాత్రం పోయిందనిపించింది.