రేడియో అన్నయ్య కాలరు

రేడియో అన్నయ్య పోయిన దగ్గర్నుంచి చిన్నోడు నోరు మూసుకున్నాడు. మాట పడిపోయి కాదు, మొండికేసీ కాదు. నోరు తెరిస్తే చాలు, ఎవరో ఒకరు ఏడుస్తున్నారు. కళ్ళజోళ్ళ షాపు పెట్టుకుని బతికేవాడికి ఇంతకన్నా తలనొప్పి ఏముంటుంది చెప్పండి? మొన్నటికి మొన్న పోస్టాఫీసులో పనిచేసే పెద్దావిడ కళ్ళు చూపించుకుందామని వచ్చింది. ఆవిడని టెస్టు కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీది అక్షరాల చార్టు చూపించి, "కింద లైను చదవండమ్మా" అన్నాడు. అంతే. ఆవిడ చార్టు సంగతి వదిలేసి, రెండు చేతుల్లో మొహం దాచుకుని బావురుమంది. ఏడ్చే కళ్ళకి పవరు చూడ్డం ఎవరివల్లా కాదు. మర్నాడు రమ్మని సైగ చేసి పంపేశాడు.

అప్పట్నుంచి అన్నీ సైగలే. చార్టు మీద కర్రతో చూపించడం, వేళ్ళతో లెక్క చెప్పడం, తల ఊపడం. పాపం, అన్న మీద బెంగతో మూగవాడైపోయాడని ఊరు ఇంకో విడత జాలిపడింది. ఆ జాలి తట్టుకోలేక చిన్నోడికి పిచ్చెక్కిపోతోంది.

చిన్నోడు అంటే ఎవరో కుర్రాడనుకునేరు. యాభై దాటాయి, నెత్తి మీద జుట్టు సెలవు తీసుకుని చాలా కాలమైంది. రేడియో అన్నయ్యకి తోడబుట్టినవాడు. ఇంట్లో చిన్నవాడు కాబట్టి చిన్నోడు. ఆ పేరే షాపు బోర్డెక్కి కూర్చుంది.

ఇక రేడియో అన్నయ్య. ఊళ్ళో ఒక చిన్న స్టేషన్ ఉంది. అందులో పొద్దున్నే ఆయన పలకరింపు వచ్చేది. ఏ వీధిలో నీళ్ళు రావో, ఎవరి కుక్క తప్పిపోయిందో, ఏ బస్సు మొరాయించిందో, ఎవరింట్లో పిల్ల పుట్టిందో, అన్నీ ఆ గొంతులోంచే ఊరికి తెలిసేవి. ప్రతి ముచ్చట చివరా "అంతేనా, కాదా?" అని అడిగి ఆగేవాడు. ఉత్తుత్తిగా కాదు, అవతలివాళ్ళు జవాబు చెప్పేంతసేపూ నిజంగా ఆగేవాడు. పళ్ళు తోముకునేవాళ్ళు తోముకుంటూ, షట్టర్లు ఎత్తేవాళ్ళు ఎత్తుతూ, ఊరు ఊరంతా "అంతే" అనేది. ఆ మాట విన్నట్టే "ఆఁ, అదీ" అని ఆయన తరవాతి ముచ్చట అందుకునేవాడు. ఇలా దాదాపు ఒక జీవితకాలం.

అంతటి మాటకారికి ఇంట్లో మాత్రం మాటల కరువు. పెట్టింది తినడం, పేపరు చూడటం, "ఊఁ" అనడం. ఉన్న మాటలన్నీ స్టేషన్లో ఖర్చుపెట్టేసి ఇంటికి ఖాళీ జేబుతో వస్తారని వదిన నవ్వుతూనే అనేది. నవ్వుతూనే అనేది గానీ, ఎన్నేళ్ళని నవ్వుతుంది?

అన్నదమ్ములిద్దరి గొంతూ ఒక్కటే. చిన్నప్పుడు తలుపు చాటునుంచి "వచ్చింది పెద్దోడా, చిన్నోడా?" అని అమ్మ అడిగితే ఇద్దరూ "నేనే" అనేవాళ్ళు. ఆవిడ ఎవర్ని తిట్టాలో తెలియక ఇద్దర్నీ తిట్టేది. పెద్దయ్యాక షాపుకొచ్చినవాళ్ళు "మీ గొంతు అచ్చం ఆయనదేనండీ" అంటే, "నాదే ఆయన పట్టుకెళ్ళాడు" అని చిన్నోడు విసుక్కునేవాడు.

పోయిన ఏడాది ఆ గొంతుతో పని పడింది. అన్నయ్యకి ఊపిరి అందకపోవడం మొదలైంది. రెండు మాటలు చెప్పేసరికి మెట్లెక్కినంత ఆయాసం. స్టేషన్‌కి ఎదురుగానే షాపు. ఒకరోజు చిన్నోడు షట్టరు తీస్తుంటే అన్నయ్య వచ్చి దాన్ని పట్టుకునే నిలబడ్డాడు.

"ఒరేయ్, ఇవాళ నువ్వెళ్ళి మాట్లాడు."

"నేనా? ఏం మాట్లాడను? నాకు కళ్ళజోళ్ళు తప్ప ఇంకేం తెలుసు?"

"గొంతు ఉందిగా, చాలు. మీ వదినకి మాత్రం తెలియకూడదు. తెలిసిందంటే ఇంట్లో కూర్చోబెడుతుంది. ఇంట్లో కూర్చుంటే ఆయాసంతో కాదురా, తోచక పోతాను."

అలా మొదలైంది. ఊపిరాడని పొద్దుల్లో అన్నయ్య మామూలుగానే ఇంట్లోంచి బయల్దేరేవాడు. షాపు వెనకగదిలో టెస్టు కుర్చీలో చేరగిలబడి, అరలో ఉన్న చిన్న రేడియో పెట్టుకునేవాడు. చిన్నోడు రోడ్డు దాటి వెళ్ళి మైకు ముందు అన్నయ్య అయ్యేవాడు. ఆ పొద్దుటిపూట స్టేషన్లో ఉండేది సౌండాయన ఒక్కడే. ఆయన కడుపులో మాట బయటికి రాదు. ఊరికి అనుమానం రాలేదు, మేనేజరమ్మకి రాలేదు, వదినకి అసలే రాలేదు. చిన్నోడి నమ్మకం అది.

అన్నయ్య పోయాక, ఆయన్ని తలుచుకుంటూ ఒక కార్యక్రమం వెయ్యాలనుకున్నారు స్టేషన్ వాళ్ళు. మేనేజరమ్మే స్వయంగా షాపుకొచ్చి చెప్పింది.

"పాత రికార్డింగుల్లో ఏది వెయ్యమంటారని మీ వదినగారిని అడిగానండీ. ఒక్కటే చాలన్నారు. చొక్కా కాలరు గురించి మాట్లాడిన రోజుది. ఆయన తన గురించి నోరు విప్పింది ఆ ఒక్కసారేనట."

చిన్నోడి గుండెల్లో రాయి పడింది. మేనేజరమ్మ దాన్నీ దుఃఖమే అనుకుని, భుజం తట్టి వెళ్ళిపోయింది.

కాలరు మాటలు అన్నయ్యవి కావు. చిన్నోడివి. ఆ రోజు ముచ్చట్లన్నీ ముందే అయిపోయాయి, టైము మిగిలిపోయింది. గాజు అవతల సౌండాయన రెండు చేతులూ సాగదీసి చూపిస్తున్నాడు, ఇంకా లాగు, ఇంకా లాగు అని. ఏం లాగాలో తోచక, తను చదువుకునే రోజుల్లో అన్నయ్య వాళ్ళింట్లో ఉంటూ చూసిందేదో నోటికొచ్చింది. అనేశాడు.

లేక అలా అనుకుంటున్నాడా? అదే గదా తంటా. రాత్రీ పగలూ ఆలోచించేసరికి ఆ జ్ఞాపకం కూడా అరిగిపోయింది. ఒకవేళ ఆ మాటలన్నది అన్నయ్యేనేమో. తను కుర్చీలో కూర్చుని విన్నవే తను అన్నట్టు తోస్తోందేమో. ఒకళ్ళ బదులు ఇంకొకళ్ళు మాట్లాడటం మొదలుపెడితే చివరికి ఇదే గతి. వెంటనే షట్టరు దించి రోడ్డు దాటాడు.

చిన్నోడు తన చొక్కా కాలరు పట్టుకుని చూపించాడు. సౌండాయన రికార్డింగు వెతికి, పెట్టాడు.

"మా ఇంట్లో ఒకావిడ ఉంది. పొద్దున్నే నేను బయల్దేరేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, ఏమీ అనకుండా నా చొక్కా కాలరు సరిచేస్తుంది. రేడియోలో కాలరు ఎవరికి కనపడుతుందే అని నేను ఒక్కసారి కూడా అనలేదు. ఎందుకంటే ఆవిడ చెయ్యి అక్కడ తగిలితేనే ఇక్కడ నాకు మాట వస్తుంది. ఊరందరితో వాగే నోరు, ఈ ఒక్క ముక్క ఆవిడతో చెప్పడానికి మాత్రం ఇన్నేళ్ళూ రాలేదు. మన నోళ్ళన్నీ ఇంతే. అంతేనా, కాదా?"

తరవాత ఆ ఖాళీ. ఒక దగ్గు. "ఆఁ, అదీ."

అది అన్నయ్యే. ఇంకెవరూ కాదు. ఆ నిదానం, ఆ ఆగడం. తనకెక్కడివి అవి?

"ఇది నేనా, మా అన్నయ్యా?" అని అడిగాడు చిన్నోడు. చాలా రోజుల తరవాత నోటినుంచి వచ్చిన మొదటి వాక్యం అది. దానికన్నా వెర్రి ప్రశ్న భూమ్మీద ఎవరూ అడిగి ఉండరు.

"నాకేం తెలుసు?" అన్నాడు సౌండాయన. "నేను చూసేది మీటల్ని. మొహాల్ని కాదు."

"ఆ దగ్గు ఉంది కదా. దగ్గు అన్నయ్యదే."

"అనుమానం రాకూడదని నువ్వూ దగ్గేవాడివి కదయ్యా. బాగా దగ్గేవాడివి. ఒక్కోరోజు ఆయనకన్నా బాగా."

చిన్నోడు తల పట్టుకున్నాడు. "నావే అయితే ఎలా? మొగుడి మాటనుకుని ఆవిడ దాచుకున్నది మరిది వాగుడా? చెప్పకపోతే మోసం. చెప్పాక, అవి నిజంగా అన్నయ్యవే అయితే? ఆవిడకున్న ఒక్క మాటా నేను లాక్కున్నట్టు కాదూ?"

"నోరు మూసుకుని ఊరుకో," అన్నాడు సౌండాయన హెడ్‌ఫోన్లు మెడలోంచి తీస్తూ. "ఇన్నాళ్ళూ అదే చేస్తున్నావుగా."

కార్యక్రమం రోజు పొద్దున్నే చిన్నోడు షాపు తీశాడు. ఊరుకుందామనే అనుకున్నాడు. అనుకుని, అద్దాలు తుడిచిందే తుడుస్తున్నాడు. అప్పుడు మెట్లెక్కి వచ్చింది వదిన.

ఇన్నాళ్ళూ అందరికన్నా ఎక్కువ తప్పించుకు తిరిగింది ఆవిడనుంచే. ఆవిడ ముందు ఈ గొంతు విప్పడమంటే పుండు మీద కారం చల్లడమే కదా. ఇంటికెళ్ళినా గుమ్మంలో నిలబడి, తలూపి, వచ్చేసేవాడు. ఇప్పుడేమో ఆవిడే ఎదురుగా ఉంది.

"ఇక్కడే వింటాను," అంది వదిన. దారి అడక్కుండా వెనకగదిలోకి వెళ్ళి, తెర పక్కకి లాగి, బల్ల కిందున్న స్టూలు తీసి టెస్టు కుర్చీ పక్కన వేసుకుంది. ఆ బల్ల కింద స్టూలుందని షాపుకొచ్చేవాళ్ళెవరికీ తెలియదు. అరలో రేడియో ఎక్కడుందో కూడా చూడకుండానే చెయ్యి పెట్టి మీట తిప్పింది. చిన్నోడికి ఏమీ అర్థం కాలేదు. టెస్టు కుర్చీలో కూర్చోబోయాడు.

"అది ఉండనీ," అంది వదిన. చిన్నోడు నిలబడ్డాడు.

రేడియోలో మేనేజరమ్మ అన్నయ్య గురించి చెబుతోంది. ఎప్పుడు చేరాడు, ఎలా మొదలుపెట్టాడు. ఇంకాసేపట్లో ఆ ముక్క వస్తుంది. ఊరుకోవాలన్నది అక్కడితో సరి.

"వదినా."

ఆవిడ ఉలిక్కిపడలేదు, ఏడవలేదు. "ఊఁ," అంది.

"ఆ కాలరు మాటలు అన్నయ్యవో కాదో నాకు తెలియడం లేదు. కొన్ని రోజులు ఆయన బదులు నేను... అవి బహుశా..."

"నీవే," అంది వదిన.

"నీకెలా తెలుసు?"

"ఆ రోజు మాత్రల డబ్బా మర్చిపోయి వెళ్ళారు. స్టేషన్లో ఇద్దామని వస్తుంటే నీ షట్టరు సగం ఎత్తి ఉంది. నీకిచ్చి పోదామని లోపలికొచ్చాను. రేడియోలో ఆయన మాట్లాడుతున్నారు. ఈ కుర్చీలో ఆయనే కూర్చుని వింటున్నారు. నా మతి పోయిందనుకున్నాను చిన్నోడా."

"అన్నయ్య ఏమన్నాడు?"

"ఏమంటారు? నోటి మీద వేలు పెట్టి, స్టూలు చూపించారు."

"మరి నాకు చెప్పలేదేం?"

"నాకు తెలుసని తెలిస్తే నువ్వు మైకు ముందు బిగుసుకుపోతావని చెప్పొద్దన్నారు. తరవాత ఆయాసం ఎక్కువైన రోజుల్లో నేనూ ఇక్కడికే వచ్చేదాన్ని. నువ్వు రోడ్డు దాటాక వచ్చి, తిరిగొచ్చేలోపు వెళ్ళిపోయేదాన్ని."

చిన్నోడికి ఏడవాలో, నవ్వాలో, కోప్పడాలో తెలియలేదు. ఊరినీ వదిననీ తను మాయ చేస్తున్నాననుకున్నాడు. తీరా చూస్తే వాళ్ళిద్దరూ ఇక్కడ చేరి తన కళ్ళకే గంతలు కట్టారు. అదీ కళ్ళజోళ్ళ షాపులో.

"అయితే అవి నా మాటలని తెలిసే అడిగావా? ఆయన మాట్లాడినవి అన్ని ఉండగా?"

వదిన రేడియో వైపు చెయ్యి చూపించింది. మా ఇంట్లో ఒకావిడ ఉంది, అని మొదలైంది. వదిన ఖాళీ కుర్చీకేసి తిరిగి కూర్చుంది. గుమ్మం, కాలరు, ఆ చెయ్యి, అన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. చిన్నోడు తలుపు రెక్క పట్టుకుని నిలబడి తన గొంతు తను విన్నాడు. ఇప్పుడు కూడా అది అన్నయ్యలాగే ఉంది.

"అంతేనా, కాదా?"

వీధిలో షట్టర్లు ఎత్తుతున్న చోటల్లా, టీ కొట్టు దగ్గర, ఆగిన బస్సులో, జనం "అంతే" అన్నారు. కొందరి గొంతు సగంలోనే ఆగిపోయింది.

"ఇదిగో, ఇక్కడ," అంది వదిన మెల్లగా. "ఇక్కడే అన్నారు ఆయన. నాకేసి చూసి, అంతే, అన్నారు. బతుకంతా ఊరిని అడిగిన మనిషి, తను జవాబు చెప్పింది అప్పుడొక్కసారే. అది ఏ మిషనులోనూ పడలేదు కదా. అందుకని ఇది వెయ్యమన్నాను."

ఆ ఖాళీ అయిపోయి, దగ్గు వినపడి, మేనేజరమ్మ మళ్ళీ వచ్చింది. వదిన మీట తిప్పి రేడియో ఆపేసింది. కళ్ళు తుడుచుకుని, చిన్నోడికేసి చూసింది.

"ఇంటికొచ్చి గుమ్మంలోంచే పోతున్నావు. నోరు మెదపడం లేదు. ఏం?"

"నా గొంతు వింటే ఆయన మాట్లాడుతున్నట్టుంటుందని. నీకు కష్టమని."

"ఇంట్లో ఆయన మాట్లాడిందెప్పుడు చిన్నోడా?" అంది వదిన. "నువ్వు మాట్లాడుతుంటే, ఆయన నా పక్కన కూర్చుని వింటున్నట్టుంటుంది."

చిన్నోడికి కళ్ళు మసకబారాయి.

"ఏదైనా మాట్లాడు," అంది వదిన.

"ఏం మాట్లాడను?"

"గొంతు ఉందిగా. చాలు."

చిన్నోడు గొంతు సవరించుకున్నాడు. వెనక వీధిలో ఇవాళ నీళ్ళు రావని, పోస్టాఫీసు పెద్దావిడ ఇంకా కళ్ళు చూపించుకోవాల్సి ఉందని చెప్పడం మొదలుపెట్టాడు. వదిన కుర్చీ చేతి మీద చెయ్యి వేసుకుని వింటూ కూర్చుంది.