సోములమ్మ చెప్పిన మాట

దుప్పటి మీద పసుపు మరక ఎంతకీ వదలడం లేదు. సోములమ్మ దాన్ని బండ మీద పరిచి, సబ్బు ముక్కతో రుద్ది, రెండు పిడికిళ్ళ మధ్య నలిపి, చెంబుతో నీళ్ళు పోసి చూసింది. కాస్త పలచబడిందే గాని పోలేదు. రాత్రి మేడమీద గదిలో దిగినవాళ్ళు మంచం మీదే కూర్చుని కోడికూర తిన్నట్టున్నారు. ఇలాంటివి మిషన్లో పడేస్తే అలాగే ఉండిపోతాయి. అప్పుడు మేనేజరు వరహాలరావు దుప్పటి కొసను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "ఏటిది సోములమ్మా?" అంటాడు. ఆ మాట పడటం ఆమెకు ఇష్టం లేదు. మళ్ళీ రుద్దింది.

పొద్దెక్కినా మంచు విడలేదు. లాడ్జి వెనక పెరట్లోంచి చూస్తే ఎదురుగా కొండ ఉందో లేదో తెలియడం లేదు. అరకు చూడ్డానికి జనం విరగబడి వచ్చే రోజులు. గదులు నిండుతాయి, ఖాళీ అవుతాయి, సాయంత్రానికి మళ్ళీ నిండుతాయి. వచ్చేవాళ్ళకు మంచు కావాలి, సోములమ్మకు ఎండ కావాలి.

పొట్టి మనిషి. చీర మోకాళ్ళ కిందకు ఎగదోపి, తలకు పాత తువ్వాలు చుట్టుకుని ఉంటుంది. ముక్కుకు మూడు పుడకలు. ఏళ్ళ తరబడి సబ్బునీళ్ళలో నాని వేళ్ళ సందులు తెల్లగా ఒరిసిపోయాయి, చలికాలం వస్తే పగిలి మండుతాయి. రాత్రిపూట వాటికి ఆముదం రాసుకుని పడుకుంటుంది. వయసెంతని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకుంటుంది.

దుప్పటి పిండాలంటే ఇద్దరు కావాలి. బేబి ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల ఒక కొస పట్టుకునేది, ఈమె ఒక కొస. ఇద్దరూ చెరో వైపు మెలిపెడుతుంటే నీళ్ళు మధ్యలోంచి ధారగా కారేవి. వానాకాలంలో బేబి వెళ్ళిపోయాక సోములమ్మ ఒక కొసను కుళాయి గొట్టానికి చుట్టి, రెండో కొసను ఒక్కతే మెలిపెట్టడం అలవాటు చేసుకుంది. కొత్తగా వచ్చిన పిల్ల గదులు ఊడుస్తుంది గాని చన్నీళ్ళలో చెయ్యి పెట్టదు.

బేబిది హుకుంపేట అవతల కొండమీది ఊరు. తండ్రి లేడు. తల్లికి ఆయాసం. ఆ పిల్ల వచ్చిన కొత్తలో మంచం మీద దుప్పటి ఎలా లాగాలో, కొసలు ఎలా మడవాలో సోములమ్మే నేర్పింది. చురుకైన పిల్ల. పని చేస్తూ చేస్తూ తమ భాషలో ఏదో పాట కూనిరాగం తీసేది. వానాకాలంలో ఒకనాడు, వరుసగా సెలవులు వచ్చి లాడ్జి కిటకిటలాడుతున్న రోజున, ఊరినుంచి కబురొచ్చింది. తల్లికి ఊపిరి ఆడటం లేదనీ, డోలీలో మోసుకొస్తున్నారనీ. అప్పుడు బేబి తలగడకు గలీబు తొడుగుతోంది. సగం తొడిగిన గలీబు అలాగే మంచం మీద వదిలేసి, వానలో చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది. ఆ గలీబు సోములమ్మే పూర్తిగా తొడిగింది.

తల్లి బతికింది. బేబి ఆసుపత్రిలో ఆమె దగ్గరే ఉండిపోయింది. తిరిగి వచ్చేసరికి ఆ పనిలో ఇంకో పిల్ల ఉంది. వరహాలరావు చెడ్డవాడు కాదు, అలాగని ఆగే మనిషీ కాదు. గదుల కోసం జనం నిలబడి ఉన్నప్పుడు ఎవరు దొరికితే వాళ్ళని పెట్టుకున్నాడు.

ఇప్పుడు బేబికి విశాఖపట్నంలో పెద్ద హోటల్లో పని దొరికేలా ఉంది. వెళ్ళి మాట్లాడి వచ్చింది, వాళ్ళకు నచ్చింది. కాని ఇంతకుముందు పనిచేసిన చోటికి ఫోన్ చేసి కనుక్కుంటే గాని పెట్టుకోరట. నిన్న సాయంత్రం ఆ సంగతి చెప్పడానికే లాడ్జికి వచ్చి వరహాలరావు ముందు చేతులు కట్టుకుని నిలబడింది. "సర్లేయే, మంచిగానే సెప్తానులే" అన్నాడతను, సెల్‌ఫోన్లోంచి తల ఎత్తకుండా. వెళ్ళేముందు బేబి పెరట్లోకి వచ్చి, "వైజాగైతే ఆదివారం బండెక్కి అమ్మ కాడికి రావచ్చు పిన్నీ" అంది. మొహం వెలిగిపోతోంది.

సోములమ్మ దుప్పట్లు తాళ్ళ మీద ఆరేసి వెనక్కి తిరిగేసరికి వరహాలరావు మోటారుసైకిలు తాళం ఊపుకుంటూ గుమ్మంలో ఉన్నాడు.

"మేడమీద గీజరు పోనాది. ఆ మెకానిక్‌గాడు ఫోనెత్తట్లేదు, నానే ఎల్లి లాక్కొస్తాను. నువ్వు కౌంటర్ కాడ కూకో. ఫోనొస్తే మేనేజరు బయటికెల్లేడని సెప్పు. అంతే."

"అలగే బాబూ."

ఆమె చేతులు తుడుచుకుని, తలగుడ్డ విప్పి, కౌంటర్ వెనక నిలబడింది. కుర్చీలో కూర్చోలేదు. ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. ఈ లాడ్జిలో కాలు పెట్టిన రోజు కూడా ఇక్కడే, ఈ కౌంటర్‌కు అవతల నిలబడింది. అప్పుడు అసిరమ్మ అని వంటామె ఉండేది. "ఇది మావోల్లదే, మంచిది" అందామె. అప్పటి యజమాని ఇంకేమీ అడగలేదు. అసిరమ్మ పోయి చాలాకాలమైంది. ఆమె అన్న ఆ ఒక్క మాట మీద సోములమ్మ బతుకు ఇప్పటికీ నడుస్తోంది.

ఫోన్ మోగింది.

"నమస్తే అండి. వైజాగ్ నుంచి మాట్లాడుతున్నాను" అని ఒక ఆడగొంతు హోటల్ పేరు చెప్పింది. "బేబి అనే అమ్మాయి మీ దగ్గర పనిచేశానని చెప్పింది. ఆ విషయం కనుక్కుందామని."

"మేనేజరు బయటికెల్లాడండి."

"అలాగా. మళ్ళీ ఎప్పుడు చెయ్యమంటారు? మాకు ఇవాళే తేల్చెయ్యాలండి. పోనీ, ఆ అమ్మాయితో కలిసి పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఇన్నేళ్ళలో ఎవరి గురించీ, దేని గురించీ సోములమ్మ మాట ఎవరూ అడగలేదు. అసిరమ్మ గుర్తొచ్చింది.

"నానున్నానండి. ఆ గుంటకి పని నేర్పింది నానే."

"అయితే మరీ మంచిది. మీరే చెప్పండమ్మా. పని ఎలా చేస్తుంది?"

సోములమ్మ చెప్పింది. చెయ్యి శుభ్రమని చెప్పింది. గదిలో ఎవరి వస్తువు దొరికినా తెచ్చి కౌంటర్లో ఇచ్చేదని చెప్పింది. ఎదురు మాట్లాడదని, చన్నీళ్ళకు భయపడదని చెప్పింది. అవతలి ఆవిడ "ఊఁ, ఊఁ" అంటుంటే ఈమెకు మాటలు వాటంతటవే వస్తున్నాయి. ఫోన్ తీగ వేలికి చుట్టుకుంటూ నవ్వుకుంది కూడా.

"మరి పని ఎందుకు మానేసిందమ్మా?"

అది తన నోటితో చెప్పాలనే సోములమ్మ ఎదురు చూస్తోంది.

"ఆల్లమ్మకి బాగోనేదని కబురొచ్చిందండి. సేతిలో పని సేతిలోనే ఒగ్గీసి ఎల్లిపోనాది. గదుల్నిండా జనం. అయినా ఆగనేదు. అలాటి గుంటండి."

"చెప్పకుండా వెళ్ళిపోయిందా?"

"సెప్పడానికి టైమెక్కడుందండీ? తల్లి కంటే ఎక్కువేటి? నాలాటిది కాదండి అది. మాయమ్మ పోయేటప్పుడు నాకూ కబురొచ్చింది. దుప్పట్లు ఆరినాక ఎల్దారని ఉండిపోనాను. నానెల్లేసరికి మట్టి కప్పీసినారు. ఈ గుంట అలా సెయ్యదండి. రేపు మల్లీ ఆల్లమ్మకి బాగోపోతే, మీ కాడున్నా సరే, అన్నీ ఒగ్గీసి పరిగెత్తుద్ది. అంత మంచిది."

అవతల కాగితం మీద ఏదో రాస్తున్న చప్పుడు.

"సరేనమ్మా. చాలా థాంక్స్."

సోములమ్మ ఫోన్ పెట్టేసి, తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంది. తల్లి ఆఖరి చూపు దక్కలేదని ఆమె ఎవరితోనూ అనలేదు. ఆనాడు సెలవు అడగనందుకు అప్పటి యజమాని నలుగురిలో ఆమెను మెచ్చుకున్నాడు. "సోములమ్మ నమ్మకస్తురాలు" అన్నాడు. ఆ మెప్పు ముల్లులా లోపల దిగబడి ఉండిపోయింది. ఇవాళ దాన్ని ఎవరో మెల్లగా బయటికి లాగినట్టుంది.

గీజరు మెకానిక్‌ను మేడమీదికి పంపి వరహాలరావు కౌంటర్ దగ్గరికి వచ్చాడు. సోములమ్మ ఆగలేకపోయింది. బేబి కోసం ఫోనొచ్చిందనీ, తానే మాట్లాడాననీ, ఏమేమి చెప్పిందో మొత్తం పూసగుచ్చినట్టు చెప్పింది. వింటూ వింటూ, తాళం జేబులో పెట్టుకోబోయిన అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఒసే పిచ్చిదానా! అలా సెప్పేసేవా?"

"మంచే కదా బాబూ సెప్పినాను."

"పన్లో పెట్టుకునేవోడికి అది మంచేటే? సెప్పకుండా ఎల్లిపోద్దని నువ్వే సెప్తే ఆల్లెందుకు పెట్టుకుంటారు? నానైతే 'బాగా సేసింది, వాళ్ళ ఇంట్లో ఇబ్బందొచ్చి మానేసింది' అనీసి పెట్టేద్దును. రెండు ముక్కలు. అంతకంటే ఆల్లకీ అక్కర్లేదు."

సోములమ్మ చూస్తుండగానే తన మాటలు అర్థం మార్చుకుంటున్నాయి. తాను అన్నవీ అవే, అవతల రాసుకున్నవీ అవే.

"మల్లీ ఫోన్ సెయ్యండి బాబూ. మీ కాళ్ళట్టుకుంటాను. నాకు తెలీదని సెప్పండి. ముసల్ది, మతిలేదని సెప్పండి."

వరహాలరావు ఆమె వైపు చూసి, హోటల్‌కు ఫోన్ చేశాడు. మర్యాదగా మాట్లాడాడు. నవ్వుతూ ఏదో సర్దిచెప్పబోయాడు. కొంచెంసేపటికి నవ్వు మానేసి, "అలాగేనండి, అలాగే" అని పెట్టేశాడు.

"ఇంకొకర్ని తీసేసుకున్నారంట" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "పోనీలే, ఎల్లి అన్నం తిను" అన్నాడు.

ఆమె తినలేదు. మధ్యాహ్నం గదులు ఖాళీ అయ్యాయి. మంచాల మీది దుప్పట్లు లాగి మూటగట్టి పెరట్లోకి తెచ్చింది. మంచు విడి, సన్నని ఎండ పడుతోంది. కొండ కనిపించింది. కొండ మీద పోడు చేసిన చోట ఎర్రగా, మిగతా అంతా నల్లగా ఉంది. నానబెట్టిన గుడ్డలు వరసగా ఉతుకుతూ పోయింది. ఏ గుడ్డ మీద ఏ మరక ఉందో ఆమెకు కనిపించలేదు.

పొద్దు వాలుతుండగా బేబి వచ్చింది. భుజానికి నిండుగా కుక్కిన సంచి ఉంది. సంచి గోడవారన పెట్టి, కుళాయి గొట్టానికి చుట్టిన దుప్పటి కొస విప్పి, అలవాటుగా రెండు చేతులతో పట్టుకుంది. ఇద్దరూ మెలిపెట్టారు. నీళ్ళు కారాయి.

"ఫోనొచ్చింది పిన్నీ. వద్దన్నారు."

సోములమ్మ చేతులు ఆగాయి.

"సెప్పకుండా ఎల్లిపోతానని ఇక్కడోల్లే సెప్పారంట. మేనేజరు సారే అనుంటాడు. నిన్న మొకం మీద సరేనన్నాడు గాని."

ఆ మాటను అలాగే వదిలేయవచ్చు. వరహాలరావు కాదనడానికి రాడు. సోములమ్మ తడి దుప్పటిని గట్టిగా పట్టుకుంది.

"ఆయన కాదే. నానే."

బేబి తల ఎత్తింది.

"మీయమ్మ కోసరం ఒగ్గీసి ఎల్లిపోయేవని సెప్పినాను. అలాటి గుంట దొరకదని సెప్పినాను. అది తప్పవుద్దని నాకు తెలీదే అమ్మా."

బేబికి కోపం వస్తుందని సోములమ్మ ఎదురుచూసింది. వస్తే బాగుండుననుకుంది. బేబి మాత్రం దుప్పటిని మళ్ళీ మెలిపెట్టడం మొదలుపెట్టింది.

"నిజమే కదా పిన్నీ. మంచిగానే సెప్పేవు."

ఇద్దరూ కలిసి దాన్ని తాడు మీద పరిచారు. ముడతలు లాగారు.

"సంచేటే?"

"తమిళనాడులో బట్టల మిల్లుంది కదా, మావూరి గుంటలెల్లారు, అక్కడికి. ఏజెంటు జీపు వస్తాది ఇప్పుడు. వైజాగ్‌లో పనొస్తే ఇది మానేద్దామని ఇన్నాల్లూ ఆగేను."

"అక్కడ్నుంచి రావడానికి ఎన్నాల్లు పడతాది?"

"ఏడాదికోపాలి పంపిస్తారంట."

"మరి మీయమ్మకి..." అని సోములమ్మ ఆగిపోయింది. బేబి తాడు మీది క్లిప్పులు సర్దుతోంది. సరిగ్గా ఉన్నవాటినే తీసి మళ్ళీ పెడుతోంది.

"అత్త ఉన్నాది. సూత్తాదిలే" అంది చివరికి.

రోడ్డు మీద జీపు హారన్ మోగింది. లోపల అప్పటికే ఆడపిల్లలు ఇరుక్కుని కూర్చున్నారు. ఎవరో బేబి పేరు పెట్టి పిలిచారు. ఆ పిల్ల సంచి ఎత్తుకుని రెండడుగులు వేసి, ఆగి, ఒంటిమీది స్వెట్టరు తల మీదుగా లాగి తీసేసింది. లోపల పలచని పూల చుడీదారు.

"అక్కడ సలే ఉండదంట పిన్నీ. మొయ్యడం ఎందుకు" అంటూ దాన్ని తాడు మీద దుప్పట్ల పక్కన పడేసి పరుగెత్తింది. సోములమ్మ రోడ్డు దాకా వెళ్ళేసరికి జీపు మలుపు తిరిగిపోయింది.

ఆరిన దుప్పట్లు ఒకటొకటే తీసి మడతపెట్టింది. రెండు గదులవాళ్ళు వేడినీళ్ళడిగితే బకెట్లు మోసింది. మంచు మళ్ళీ లోయలోకి దిగుతోంది. తడి ఆరనివాటిని లోపలికి తెస్తూ చివరికి తాడు దగ్గరికి వచ్చి, చెయ్యి చాపి, తియ్యకుండానే నిలబడింది. మెరూన్ రంగు స్వెట్టరు. మోచేతి దగ్గర చిరిగితే పచ్చ ఊలుతో అల్లి ఉంది. దానికి బేబి ఒంటి వాసన ఇంకా పోలేదు.