బక్కెట్లో వచ్చిన రొయ్యలు

నెల్లూరు ల్యాబులో రోజా రొయ్యల పరీక్ష ఫిల్మును మూడోసారి వెలుతురుకు ఎత్తి చూసింది. అదే నల్లగీత. రొయ్యకు జబ్బు చేసినా, అది బెదిరినా దాని కణాల్లో కైనేజ్ అనే ప్రోటీన్ మేల్కొంటుంది. పరీక్షకు కొన్న యాంటీబాడీ మేల్కొన్న ఆ ప్రోటీన్‌కే అంటుకుని, ఫిల్ము మీద గీత పడుతుంది. జబ్బుపడ్డ గుంట రొయ్యలకు గీత పడాలి, బాగున్నవాటికి పడకూడదు. రెంటికీ పడింది.

యాంటీబాడీ నకిలీదని, అది అమ్మిన కంపెనీకి ఘాటుగా మెయిల్ రాసింది. పంపేముందు ఎందుకైనా మంచిదని, రెండు రకాల రొయ్యలూ తెచ్చిచ్చిన అల్లూరు రైతు కామాక్షయ్యకు ఫోన్ చేసింది.

“అన్నా, నేను చెప్పినట్టు పట్టంగానే, అవి బెదిరేలోపే ఐసులో వేసినావా?”

“ఐసులోనా? మీ చేతికి చచ్చిన సరుకు పెడితే మా మర్యాద ఏం కాను మేడం? బక్కెట్లో నీళ్లు పోసి, బండి మీద ఎగరతా ఉండంగానే తెచ్చినాను గదా!”

రోజా మెయిల్ చెరిపేసింది. గంటసేపు బక్కెట్లో ఆ రొయ్యలు ఎంత బెదిరాయో యాంటీబాడీ ఉన్నదున్నట్టు చెప్పింది. నమ్మనిది తనే.