అరణపు గొర్రెలు

ఎండాకాలమంతా తాండూరు బండల గనుల్లో పనిచేసి వచ్చిన అంజిలయ్య మరునాడే తన పంచె తానే ఉతుక్కున్నాడు. బంట్వారం దగ్గరి ఆ కురుమవాడలో మగవాడు పంచె ఉతికితే నవ్వుతారు. భార్య బీరమ్మ నవ్వలేదు. ఆమె అక్క రామమ్మ మొగుడూ ఒకప్పుడు ఇలాగే వచ్చి ఇలాగే ఉతుక్కున్నాడు. ఆ తరువాత రామమ్మకు పిల్లలందరూ చచ్చే పుట్టారు, ఒక్కరూ ఏడవలేదు. చివరి కాన్పులో ఆమె కూడా పోయింది.

"ఏమైంది నీకు?"

"వేడి చేసింది."

"వేడి గాదు, సవాయి రోగం. గనుల కాడ కల్లు దుకాణం ఎనక గుడిసెలకు పోయి అంటించుకొచ్చినవు. గా ఆడోళ్లను నేనేమనను. వద్దనే దిక్కు వాళ్లకు లేదు. నువ్వు వికారాబాద్ దవాఖానకు పోయి సూదులేయించుకో. గప్పటిదాక నీ గొంగడి నీకు, నా గొంగడి నాకు."

రొట్టెలు చేస్తున్న అత్త ఎంకమ్మ పొయ్యి దగ్గరనుంచే అందుకుంది. "మొగోడన్నంక గట్లనే ఉంటది. పటేలు కొడుక్కు రాలేదా? వాని పెండ్లాం నోరు తెరిసిందా?"

"పటేలు కొడుకు పట్నంల సూదులేయించుకొని వచ్చిండు. నీ కొడుకు యాపాకు నీళ్లతోని కడుక్కుంటుండు. గదే తేడా అత్తా."

అంజిలయ్య తల ఎత్తలేదు. "దవాఖానల మనూరోళ్లు చూస్తరు. ఇజ్జత్ పోతది."

"మా అక్క పానం పోయింది. ఎవని ఇజ్జత్ పోలె."

రామమ్మ కూడా మొగుణ్ణి దగ్గరికి రావద్దనే అంది. మొగుడు వాకిట్లోకి గెంటితే, పోయే చోటు లేక మళ్ళీ లోపలికి వచ్చింది. రజాకార్ల గొడవలో పుట్టింటి మంద చెదిరిపోయిన ఏడాది ఆమె పెళ్ళి. ఒట్టి చేతులతో కాపురానికి పోయింది. బీరమ్మ పెళ్ళినాటికి మంద మళ్ళీ పెరిగింది. పుట్టింటివారు పెళ్ళిలో అరణంగా ఇచ్చిన గొర్రెలు, వాటి పిల్లలు కులాచారం ప్రకారం ఆమెవే. ఇప్పుడు దొడ్డిలో సగానికి పైగా అవే.

తెల్లవారి బీరమ్మ దొడ్డి తడిక తీసి, తనవని గుర్తుగా ఎడమ చెవి కోసిన గొర్రెలను ఒక్కొక్కటే బయటికి తోలింది.

ఎంకమ్మ అడ్డం వచ్చింది. "యాడికి కొడుతున్నవే?"

"మా తల్లిగారింటికి."

"కులం నవ్వదా?"

"కులపెద్దలను పిలువు. ఎందుకు పోతున్నవని అడుగుతరు గద, నేనే చెప్త."

ఎంకమ్మ వెలితిపడిన దొడ్డిని చూసింది. లోపలికి పోయి, కొడుకు అంగీ తెచ్చి వాడి ఒళ్ళో పడేసింది. "పోరా, ఏయించుకో. మంద పోతే మనకేమున్నది?"

అత్త ఫికరంతా గొర్రెల గురించేనని బీరమ్మకు తెలిసింది. తన గురించి కాదు, తనకు పుట్టబోయే బిడ్డల గురించీ కాదు.

"గొర్రెల కొరకే పోనీ," అంది. "పోతే చాలు."

అంజిలయ్య అంగీ తొడుక్కున్నాడు. "వచ్చినంక కలుపుతవా మంద?"

"డాక్టరు సరే అన్నంక."

"ఒక్క సూదితోని తగ్గకపోతే?"

"మళ్ల పోతవు."