పడిపోయినా వినపడుతుంది

ప్రమోదినికి నవ్వంటే భయం. నవ్విందా, అంతే సంగతులు! ముందు మెడ వాలిపోయేది, తర్వాత మోకాళ్ళు జారిపోయేవి, ఉన్నచోటే కుప్పకూలేది. కాసేపటిదాకా కాలూ చెయ్యీ ఆమె మాట వినేవి కావు. చెవులు మాత్రం శుభ్రంగా వినేవి. అదే ఆమె ఏడుపు.

పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పాకలో నవ్వకుండా ఎలా ఉంటుంది? పక్కన కూర్చున్న బొడ్డమ్మ, మేస్త్రి నారాయణరావు నడకను వెక్కిరిస్తుంటే ప్రమోదిని పళ్ళు బిగబట్టుకునేది, చివరికి నవ్వేది, పప్పు తట్టలో తలపెట్టి పడిపోయేది. పైగా పట్టపగలు కునుకు తన్నుకొచ్చేది, ఆ కునుకులోనే కలలు కూడాను.

"మళ్ళీ తొంగుంది మారాణి!" అని మేస్త్రి అరిచేవాడు. ఇది నిద్ర కాదు మొర్రో అందామంటే నోరు పెగిలేది కాదు. ఒళ్ళు మండిపోయేది.

ఇంట్లో మాత్రం తక్కువా? అక్క మొగుడు పోలారావు సరసాలకి నవ్వి పడిపోతే, అతనే పైన నిలబడి, "నాటకం! పనెగ్గొట్టడానికే ఈ ఏసాలు" అన్నాడు. అదీ వింది.

చివరికి మేస్త్రి తేల్చేశాడు. "రోగమైతే డాక్టరు సేత సెప్పించు. నేదంటే మరి రాకు." ఊరంతా నిద్రమొహం అని పేరు పడ్డాక ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు? బావను తోడు తీసుకుని టెక్కలి ఆసుపత్రికి బస్సెక్కింది.

"రక్తం తక్కువ. టానిక్ రాస్తాను," అన్నాడు డాక్టరు.

"నవ్వితేనే పడిపోతన్నాను బాబూ."

"అయితే నవ్వు, చూస్తాను."

నవ్వమంటే వస్తుందా నవ్వు! పోలారావు వైపు చూసింది. రోజూ ఇంటిల్లిపాదినీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వించే మనిషి, చేతులు కట్టుకుని గోడకి అంటుకుపోయాడు.

"ఏదో ఒకటను బావా!"

"ఏటనమంటావే? ఇక్కడ నాకు నోరాడదు."

డాక్టరు టానిక్ పేరు రాసేశాడు. ప్రమోదినికి అరికాలి మంట నెత్తికెక్కింది. "రెండేళ్ళ బట్టి సెప్తన్నాను, ఒక్కరైనా..." అంటూ లేచింది. మాట మధ్యలోనే మెడ వాలి, నేల మీద పడిపోయింది.

"ఫిట్స్! సిస్టర్, ఇంజెక్షన్! ఈ మనుషులు ఏదీ సరిగ్గా చెప్పి చావరు."

"పొద్దున్నుంచీ నేను టీ కూడా తాగలేదు సార్," గొణిగింది నర్సు.

చెయ్యి ఆడగానే ప్రమోదిని సూదిని తోసేసింది. "ఫిట్సన్నారు. ఏదీ సరిగ్గా సెప్పి సావరన్నారు. సిస్టరమ్మ టీ తాగనేదంది. మూర్ఛొచ్చినోళ్ళకి ఇయన్నీ ఇనిపిత్తాయా బాబూ?"

డాక్టరు అప్పుడు ఆమె ముఖంలోకి చూశాడు. పగటి కునుకుల గురించి అడిగాడు, కలల గురించి అడిగాడు.

"కలలొచ్చే నిద్రలో అందరికీ ఒళ్ళు వదులైపోతుందమ్మా. లేకపోతే కలలో పరిగెత్తేవాడు మంచం దిగి పరిగెత్తేవాడు. నీకా వదులు మెలకువలోనే వచ్చి పడుతోంది, నవ్వినా, కోపమొచ్చినా. పగటి కునుకూ ఆ జబ్బే. విశాఖలో నరాల డాక్టరుకి చూపించు, మందులున్నాయి. మీ మేస్త్రిని నా దగ్గరికి పంపు, నేనే చెప్తాను."

ఇంత చిన్న మాటకి రెండేళ్ళు! ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

బస్టాండులో పోలారావు మెల్లిగా అడిగాడు. "అయితే పడిపోయినప్పుడల్లా అన్నీ ఇనిపించీయా?"

"అన్నీ."

"నానన్నది కూడానా?"

"నువ్వన్నది మరీ బాగా ఇనిపించింది బావా."

అతని ముఖం వాడిపోయింది. డాక్టరు రాసిన చీటీ తలకిందులుగా పట్టుకుని చదవసాగాడు. ఆ అవస్థ చూసి ఆమెకి నవ్వాగలేదు. మోకాళ్ళు జారాయి. జనం మూగారు. "తాగిందేటి?" అన్నారెవరో.

ఆమె తల నేలకి తగలకుండా పట్టుకుని పోలారావు గయ్యిమన్నాడు. "నోరు మూసుకోండి! మా మరదలు అన్నీ ఇంటాది."