కారవాన్‌లో గృహప్రవేశం

ఖరీదు పెట్టి కొన్న బండికి చాకిరీ ఉండదనుకునే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రేపల్లెలో రైస్ మిల్లున్న పాండురంగారావు గారు అలాంటివారే. మంచాలు, వంటగది, బాత్‌రూమ్ అన్నీ ఉన్న కారవాన్ కొని, తెనాలిలో నా మెకానిక్ షెడ్డుకు తెచ్చారు. దానికి డ్రైవరు మా తమ్ముడు నౌషాద్.

“ఇది ఇల్లూ, బండీ రెండూనండి. రెండింటి చాకిరీ ఉంటుంది. సముద్రం దగ్గరికి వెళ్లొస్తే అడుగంతా మంచినీళ్లతో కడగాలి. గ్యాసు పైపు నెలనెలా చూపించాలి” అన్నాను.

“ఇంత పోసి కొన్నాక కూడా చాకిరీ ఏంటి షుకూరూ?” అని నవ్వేశారు.

ఆయనకు కావలసింది ఒక్కటే. వంటగది నేలకున్న రంధ్రాలు మూసేయాలి. వాటిలోంచి ఏసీ చల్లదనం పోతోందట, చీమలు వస్తున్నాయట. గ్యాసు లీకైతే కిందికి పోవడానికే అవి పెట్టారని చెప్పాను. వినలేదు. రెండు రోజులు ఫోన్లు చేసి ప్రాణం తీశారు. మూడో రోజు విసుగెత్తి, మీ ఖర్మ అనుకుంటూ సీలు వేసేశాను. తెలిసి చేసిన తప్పు అది.

శుక్రవారం ఉదయం బాపట్ల సముద్రపు ఒడ్డు నుంచి వీడియో కాల్ చేశారు. కారవాన్ కూడా ఇల్లే కనుక గృహప్రవేశం చేస్తున్నారట. కిటికీలన్నీ మూసి ఏసీ వేసుకున్నారు. ఆయన భార్య రంగమ్మ గారు దేవుడి పటం ముందు కూర్చుని ఉన్నారు. వెనక స్టవ్ నిండా పొంగిన పాలు. మంట మాత్రం కనిపించలేదు.

“పాలు ఎప్పుడు పొంగాయండి?”

“పావుగంటైంది. ఎంత బాగా పొంగాయో.”

“స్టవ్ కట్టేశారా?”

“పాలు పొంగిన పొయ్యి అప్పుడే ఆర్పకూడదయ్యా.”

“అది ఆరిపోయిందండి. ఏమన్నా వాసన వస్తోందా?”

“పాలు మాడిన వాసన.”

పొంగిన పాలకు మంట ఆరి, పావుగంటగా గ్యాసు లోపలే నిండుతోంది. “అగ్గిపుల్ల గీయకండి. ఇద్దరూ ముందు బయటికి రండి” అన్నాను.

“శుభమా అని పూజ చేసుకుంటుంటే ఆ మాటలేంటి? హారతిచ్చాక చేస్తా” అని ఫోన్ పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

నౌషాద్‌కు చేశాను. దూరంగా సరుగుడు చెట్ల కింద టీ తాగుతున్నానన్నాడు. “పరిగెత్తు. తలుపు తీసి వాళ్లను బయటికి లాగు” అన్నాను. క్షణం కూడా ఆలోచించలేదు నేను.

“అలాగే భాయ్” అన్నాడు. ఇసకలో పరిగెడుతున్న వాడి ఆయాసం వినిపించింది. తలుపు తీసిన చప్పుడు వినిపించింది.

“రంగమ్మ గారూ, ఆ అగ్గిపెట్టె ఇలా...”

పెద్ద శబ్దం. ఆ తర్వాత ఫోన్ మూగబోయింది.

నేను ఫోన్ చేయకపోతే వాడికేమీ అయ్యేది కాదు. చెట్ల కింద క్షేమంగా ఉన్నవాణ్ణి అక్కడికి పంపింది నేను. మా అమ్మ షెడ్డు గుమ్మంలోకి వచ్చి, తమ్ముడు భోజనానికి వస్తున్నాడా అని అడుగుతోంది.