ఇంటిపేరు తప్పిన వ్యాసం

కంప్యూటరు తెర మీద చెక్క స్కేలు అడ్డంగా ఆనించి, దాని పైన ఉన్న వరుసను మాత్రమే చదవడం ఆమె అలవాటు. ఆ గదిలోకి కంప్యూటరు వచ్చి ఇరవై ఏళ్లు దాటినా స్కేలును మాత్రం వదల్లేదు. ఒక వరుస చదవడం, పెదవులు కదిలించి లోపల్లోపల ఒప్పజెప్పుకోవడం, స్కేలును అరంగుళం కిందికి జరపడం. ఆ ఉదయం ఇరవై ఏడో వరుస దగ్గర స్కేలు ఆగిపోయింది. రసాయన శాస్త్రం వాళ్ల కొత్త వ్యాసం అది. చిరునామాలో విశ్వవిద్యాలయం పేరుకు ఐదు మాటలు ఉండాలి. నాలుగే ఉన్నాయి.

ఆమె ఫోను అందుకుంది.

"సార్, మీ వ్యాసానికి ఇంటిపేరు సరిగ్గా లేదు. ఒక మాట ఎగిరిపోయింది."

"ఆ మాత్రం చదివేవాళ్లకు తెలియదా అండీ?" అన్నాడు అవతలి ప్రొఫెసరు.

"చదివేవాళ్లకు తెలుస్తుంది సార్. లెక్కపెట్టేది మిషను కదా, దానికి మొహమాటం ఉండదు. సరిచేసి పంపండి."

విశ్వవిద్యాలయం పేరును ఇంటిపేరు అనడం ఆమెకు ఎప్పుడు అలవాటైందో ఎవరికీ గుర్తు లేదు. అందరూ ఆమెను ఇంటిపేరమ్మగారు అనడం మాత్రం పదిహేనేళ్లుగా ఉంది. అసలు పేరు అడిగితే చాలామంది తలగోక్కునేవారు. మనిషి పొట్టి. కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకు అందవు. అందుకని, "ప్రపంచ స్థాయి విద్యకు చిరునామా" అని ముద్రించిన పాత బ్రోచర్ల కట్టలు రెండు తెచ్చి కాళ్ల కింద వేసుకుంది. ఆ బ్రోచర్లు మరెవరికైనా అంతగా ఉపయోగపడ్డాయో లేదో చెప్పలేం.

ప్రపంచంలోని విశ్వవిద్యాలయాలను వరుసగా నిలబెట్టి మార్కులు వేసేవాళ్లు ఉన్నారు. ఆ మార్కులు ఎలా వేస్తారని ఒకసారి అత్తగారు అడిగితే ఆమె విడమరిచి చెప్పింది. దేశదేశాల ప్రొఫెసర్లకు కాగితాలు పంపి, మీ ఎరుకలో మంచివేవో రాయండని అడుగుతారు. దానికి కొన్ని మార్కులు. ఇక్కడివాళ్లు రాసిన వ్యాసాలను ఎక్కడెక్కడివాళ్లు ఎన్నిసార్లు తలుచుకున్నారో లెక్కవేస్తారు. దానికి మరికొన్ని. అత్తగారు అంతా విని, "అయితే సంబంధం చూడటమే. నలుగురినీ వాకబు చేస్తారు, చుట్టాలు ఎందరో లెక్కపెడతారు," అని తేల్చేశారు. ర్యాంకుల విభాగం డైరెక్టరుగారు గంటసేపు బొమ్మలు చూపించి చెప్పే సంగతి కూడా ఇంతే.

ఈ వ్యవహారంలో ఆమె వంతు పని చిన్నదే. వ్యాసం మీద పేరు తప్పుగా ఉంటే ఆ వ్యాసం ఈ ఇంటి లెక్కలోకి రాదు. అలాంటివాటిని వెతికి పట్టుకుని, వ్యాసాల జాబితా ఉంచే విదేశీ సంస్థకు రాసి, ఇంట్లో చేర్పించాలి. పేరు తప్పు రాయడంలో మేధావులకు ఉన్న ప్రతిభ ఆమెకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. ఒకరు ఊరి పేరు రెండుసార్లు రాస్తారు. ఒకరు తమ అద్దె ఇంటి చిరునామా ఇస్తారు. ఒక మహానుభావుడు తాను చదువుకున్న పరాయి విశ్వవిద్యాలయం పేరు రాసి, కింద ఇక్కడి పిన్‌కోడు పెట్టాడు. ఒక్కో రకం తప్పుకు ఒక్కో కార్డు. అన్నీ ఒక బిస్కట్ల డబ్బాలో ఉంటాయి. ఇప్పటికి అరవై మూడు రకాలు.

పదకొండున్నరకు డైరెక్టరుగారు గుమ్మంలో నిలబడ్డారు. పొడగరి, మంచి మనిషి, ఎప్పుడు చూసినా పరుగులో ఉంటారు.

"మేడమ్, సాయంత్రం ఐదింటికి ర్యాంకులవాళ్లు తలుపు మూసేస్తారు. ఉన్నది పంపేద్దాం. అయినా రిటైరయ్యే రోజు కూడా ఇలా పని చేస్తే ఎలాగండీ? నాలుగూ ముప్పావుకి మీకోసం అందరం వస్తున్నాం."

"ఒక్క పిల్ల ఇంకా బయటే ఉంది సార్. తీసుకొచ్చాక తలుపు వేసేద్దాం."

డైరెక్టరుగారు నిట్టూర్చారు. ఆ పిల్ల సంగతి ఆయనకు తెలుసు. మూడేళ్లుగా వింటున్నారు.

అది నలభై ఏళ్ల కిందటి వ్యాసం. రాసింది మొక్కల మాస్టారు. చిక్కుడు ఆకు మీద మచ్చలు ఎంతమేర పాకాయో చూసి, సున్నా నుంచి తొమ్మిది వరకు మార్కులు వేసే పద్ధతి ఆయన కనిపెట్టాడు. పొలంలోకి దిగే ప్రతి శాస్త్రవేత్తకూ పనికొచ్చే పద్ధతి కావడంతో నాలుగు వేల పైచిలుకు వ్యాసాలు దాన్ని పేర్కొన్నాయి. ఈ విశ్వవిద్యాలయంలో అంత పేరు తెచ్చిన కాగితం మరొకటి లేదు. కానీ దాని మీద ఉన్నది ఈ పేరు కాదు, విశ్వవిద్యాలయం కాకముందు ఇక్కడున్న కళాశాల పేరు. సరిగ్గా అదే పేరుతో మరో దేశంలో ఒక కళాశాల ఉంది. మిషను ఆలోచించకుండా వ్యాసాన్ని వాళ్లకు కట్టబెట్టేసింది. ఇన్నాళ్లూ పాత వ్యాసాలు లెక్కలోకి రావు కాబట్టి ఎవరికీ పట్టలేదు. ఈ ఏడాది నుంచి వాటికీ మార్కులు వేస్తామన్నారు.

ఆమె మాత్రం మార్కుల మాట రాకముందు నుంచే వెంటపడుతోంది. కళాశాలే విశ్వవిద్యాలయమైందని పాత ఉత్తర్వులు పంపింది, నివేదికలు పంపింది. రచయిత సంతకంతో ఒక మాట కావాలని అటునుంచి జవాబు. మాస్టారు దూరాన కూతురి దగ్గర ఉంటే నాలుగు ఉత్తరాలు రాసింది. ఉలుకూ పలుకూ లేదు. పోయిన నెలలోనే ఆయన ఈ ఊరికి తిరిగి వచ్చాడని తెలిసింది. వచ్చినవాడు మంచం దిగడం లేదని నిన్ననే తెలిసింది. తను రేపటి నుంచి ఈ కుర్చీలో ఉండదు. తరువాత వచ్చేవాళ్లకు ఈ పిల్ల ఎవరి పిల్లో పట్టదు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు అన్నం సయించలేదు. టిఫిను డబ్బా మూత తియ్యకుండానే గొడుగు పట్టుకుని బయల్దేరింది.

మాస్టారి ఇల్లు రెండు వీధుల అవతల. కూతురు తలుపు తీసి లోపలికి తీసుకెళ్లింది. కిటికీ పక్కన మంచం, మంచం మీద పలచటి మనిషి. కిటికీ గట్టు మీద పగిలిన కప్పులో ఒక చిక్కుడు మొలక ఉంది.

"నమస్కారం మాస్టారూ. నేను విశ్వవిద్యాలయం నుంచి వచ్చాను. మీకు ఉత్తరాలు రాశాను."

"నాలుగు రాశావు. నాలుగూ అందాయి," అన్నాడాయన. గొంతు సన్నగా ఉన్నా మాట స్పష్టంగా ఉంది. "జవాబు రాయబుద్ధి కాలేదు. అచ్చుతప్పని నువ్వు అనుకున్నావు గానీ అమ్మా, అది తప్పు కాదు. కావాలనే అలా రాశాను."

ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

"కళాశాల వెనకాల నాకో మొక్కల గది ఉండేది. ఆ వ్యాసంలోని ఆకులన్నీ అందులో పెరిగినవే. కళాశాల విశ్వవిద్యాలయమైంది, పేరు పొడుగైంది, పాలరాతి మెట్లు కావాలని నా గది పడగొట్టారు. మూణ్ణెల్ల తరవాత వ్యాసం అచ్చుకు వెళ్లింది. చిరునామా రాయమన్నారు. నేను పుట్టింటి పేరే రాసుకున్నాను." ఆయన కాస్త నవ్వాడు. "ఇప్పుడు అత్తింటివాళ్లకు నా మీద ప్రేమ పుట్టిందా?"

ఈ మనిషికి ర్యాంకు గురించి చెప్పి లాభం లేదని ఆమెకు అర్థమైంది. ఇంతదూరం వచ్చి ఉత్తచేతులతో వెళ్లడమూ ఆమె వల్ల కాదు. కాసేపు గొడుగు పిడిని తిప్పుతూ కూర్చుని, ఎవరికీ చెప్పని మాట ఆయనకు చెప్పింది.

"మా ఆయన విశ్వవిద్యాలయంలోనే గుమస్తాగా చేసేవారు మాస్టారూ. పెళ్లైన రెండేళ్లకే పోయారు. ఆయన ఉద్యోగం నాకిస్తామన్నారు. నా చదువు కాగితాల మీద పుట్టింటి పేరు, పెళ్లి కాగితం మీద అత్తింటి పేరు. ఇద్దరూ ఒకరేనని రుజువేమిటన్నారు. పద్నాలుగు నెలలు తిరిగాను. నేను నేనేనని చెప్పుకుని చెప్పుకుని, ఒక దశలో నాకే అనుమానం వచ్చింది."

"తరవాత?"

"మా అత్తగారు వచ్చారు. కొడుకు పోయాక గడప దాటని మనిషి, ఆ పాలరాతి మెట్లెక్కి, అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని, ఆ పేరూ ఈ పేరూ ఈ పిల్లదే, ఇది నా కోడలు, ఎక్కడ వేలిముద్ర వెయ్యాలో చూపించండి అన్నారు. మర్నాడు ఉద్యోగం ఇచ్చారు." ఆమె గొడుగును పక్కన ఆనించింది. "పుట్టింటి పేరు కొట్టెయ్యమని నేను అడగడం లేదు మాస్టారూ. రెండూ ఒకే ఇల్లని పెద్దవారు మీరొక్క మాట రాస్తే చాలు. మీ పిల్ల పరాయి దేశంలో ఎవరి గుమ్మంలోనో నిలబడి ఉంది."

గుమ్మం దగ్గర కూతురు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పాత పేరు ఉంటుందా?" అన్నాడాయన చివరికి.

"ఉంటుంది. కొత్త పేరు పక్కనే, 'పూర్వపు' అని రాసి, అక్షరం పోకుండా ఉంటుంది. నేను చూసుకుంటాను."

"ఆకులకు మార్కులు వేసి బతికినవాణ్ణి," అన్నాడాయన కూతురితో, "ఇప్పుడు నాకు వేస్తారట. కలం ఇటివ్వు."

సంతకం చెయ్యడానికి చాలాసేపు పట్టింది. కూతురు అట్టను కదలకుండా పట్టుకుంది. ఆయన తన పేరు, దాని కింద కళాశాల పేరు, దాని కింద విశ్వవిద్యాలయం పేరు రాశాడు. విశ్వవిద్యాలయం పేరులోని ఐదు మాటలూ వరుస తప్పకుండా ఉన్నాయి. ఇంతమంది ప్రొఫెసర్లలో మొదటిసారే సరిగ్గా రాసినవాణ్ణి ఆమె అప్పుడే చూసింది.

ఆమె తిరిగి వచ్చేసరికి మూడున్నర. ఆ కాగితాన్ని నకలు తీసి, రెండు వరుసల ఉత్తరంతో పంపింది. అవతల జాబితా సంస్థలో ఆ ఉత్తరాలు చూసే మనిషి సంతకం ఒక్క అక్షరమే. ఆడో మగో కూడా ఆమెకు తెలియదు. పదకొండేళ్లుగా ఉత్తరాలు నడుస్తున్నాయి. ఈ పదకొండేళ్లలో ఆమె ఒక్కసారీ తనది కాని వ్యాసాన్ని తనదని అడగలేదు. పైగా పొరపాటున ఈ ఇంట చేరిన పరాయి వ్యాసాలు పందొమ్మిదింటిని వెతికి, ఇవి మావి కావు, వాళ్లకు పంపెయ్యండని తనే రాసింది. అప్పట్లో డైరెక్టరుగారు రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

నాలుగూ ఇరవైకి జవాబు వచ్చింది. ఆమె తెర మీద స్కేలు ఆనించి ఒక్కో వరుసే చదివింది. వ్యాసం మార్చేశాం. పాత పేరు కూడా ఉంచాం. సంతకం పోల్చి చూడాలన్నది నియమం, కానీ మీ దగ్గర నుంచి వచ్చినదాన్ని నేను రెండోసారి చూడను.

ఆ చివరి వరుస దగ్గర స్కేలు చాలాసేపు కదల్లేదు. ఖండాంతరాల్లో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి అన్న ఆ మాట కన్నా పెద్ద పరపతి ఆ విశ్వవిద్యాలయానికి ఆ ఏడాది మరేదీ రాలేదు. దాన్ని వేసుకోవడానికి మాత్రం ఏ పట్టికలోనూ గడి లేదు. ఆమె పైటతో కళ్లజోడు తుడుచుకుని, మాస్టారి కూతురికి ఫోను చేసింది.

"పిల్ల ఇంటికొచ్చేసిందని చెప్పండమ్మా."

అవతల ఆ మాట మంచం దగ్గర చెబుతున్న సవ్వడి. తరవాత కూతురి గొంతు వచ్చింది. "విన్నారండీ. మొలకకు నీళ్లు పొయ్యమంటున్నారు."

అన్నట్టే నాలుగూ ముప్పావుకి అందరూ వచ్చారు. గది చిన్నది, సగం మంది వరండాలోనే నిలబడ్డారు. డైరెక్టరుగారు అప్పటికే లెక్కలు పంపేసి వచ్చారు, ముఖం వెలిగిపోతోంది. మైకు లేకపోయినా మైకు ఉన్నట్టే మాట్లాడారు. రసాయన శాస్త్రం ప్రొఫెసరు కూడా వచ్చి, పేరు సరిచేశానని చెవిలో చెప్పి వెళ్లాడు. శాలువా కప్పి, చేతికి ఒక జ్ఞాపిక ఇచ్చారు. నల్లటి చెక్క, దాని మీద ఇత్తడి రేకు, రేకు మీద చెక్కిన అక్షరాలు. ఆమెను మాట్లాడమన్నారు. ఆమె లేచి, "చిరునామా నిండుగా రాయండి సార్, ఇంకేం లేదు," అని కూర్చుంది. అందరూ నవ్వి, చప్పట్లు కొట్టి, టీ తాగడానికి వెళ్లారు.

ఒంటరిగా మిగిలాక ఆమె జ్ఞాపికను వెలుతురు వైపు తిప్పింది. అలవాటు కొద్దీ రేకు మీద స్కేలు ఆనించింది. మొదటి వరుసలో ఆమె పేరు. కాగితాల మీద ఉన్నవాటిలో ఏది అసలుదో ఎవరిని అడిగి తెలుసుకున్నారో గానీ అక్షరం తప్పు లేదు. రెండో వరుస, విభాగం పేరు. బాగుంది. మూడో వరుసలో విశ్వవిద్యాలయం పేరు. ఐదు మాటలూ ఉన్నాయి, కానీ రెండోదీ మూడోదీ చోట్లు మార్చుకుని కూర్చున్నాయి. ఆమె డబ్బా తెరిచి కార్డులన్నీ తిరగేసింది. అది డబ్బాలో లేని రకం.

ఆమెకు నవ్వొచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి, కాళ్లు బ్రోచర్ల మీద ఊపుకుంటూ, కడుపు పట్టుకుని నవ్వింది. తరవాత తెల్ల కార్డు ఒకటి తీసి రాసింది. ఇంటికి వెళ్లగానే, ఏమిచ్చారే అని అత్తగారు గుమ్మంలోనే అడుగుతారు. ఇచ్చారత్తయ్యా, తప్పుంటే దిద్దమని అక్కడే వదిలి వచ్చాను అనాలి. ఆవిడకు ఆ జవాబు నచ్చుతుంది. శాలువా మడిచి సంచిలో పెట్టుకుని, తినని టిఫిను డబ్బా, గొడుగు తీసుకుని, గది తలుపు దగ్గరికి వేసి, ఇత్తడి కడ్డీ పట్టుకుని పాలరాతి మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్లిపోయింది.

బల్ల మీద, బిస్కట్ల డబ్బాకూ చెక్క స్కేలుకూ మధ్య, జ్ఞాపిక ఉండిపోయింది. దానికి రబ్బరుబ్యాండుతో కట్టిన కార్డు మీద గుండ్రటి అక్షరాలు: అరవై నాలుగో రకం. ఇంటిపేరు సరిచేసి పంపగలరు.